గుండె రాయి చేసుకోమనే వారికి

ఈ ఉదయం మా నాన్నగారి కుట్టుమిషనును పాత ఇనుప సామాను కొనే అతనికి ఇచ్చేద్దామని వరండాలోకి తెచ్చాను. అతను కాటా తగిలించే లోపలే నాకు కన్నీళ్ళు ఆగలేదు. అప్పుడే కాఫీకి వచ్చిన మా మేనమామ, వీధిలో నలుగురూ వినేలా, "ఏంది అల్లుడా, ఇనుప ముక్కకు ఏడుస్తాండావా? మగోడివి, గుండె రాయి చేసుకోవాల" అన్నారు. గంట దాటినా నా చేతుల వణుకు తగ్గలేదు.

రాయే కావాలంటే మన బేతంచెర్లలో లారీల కొద్దీ దొరుకుతుంది, పాలిష్ పట్టించి మరీ ఇస్తారు. ఆ పనికి మనిషి గుండె ఎందుకు? కొండారెడ్డి బురుజు కూడా రాయే. ఇన్ని వందల ఏళ్ళలో అది ఒక్క చావింటికైనా పలకరింపుకు వెళ్ళిందా?

ఆ మిషను సంగతి మామకు తెలియక కాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఒక్కటై కర్నూలు మీద పడినప్పుడు, వన్‌టౌన్‌లోని మా దుకాణం పైకప్పు దాకా మునిగింది. నీళ్ళు తీశాక మిగిలింది మోకాలి లోతు బురద, అందులో ఒరిగిపోయిన ఈ మిషను, దీపావళికి కుట్టి ఇవ్వవలసిన బట్టల మూటలు. ఆ బట్టలు మావి కావు, నమ్మి ఇచ్చిన ఊరివాళ్ళవి. నాన్నగారిని కుంగదీసింది అదే. ఆయన ఆ బురదలోనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చారు. మరునాడు వచ్చిన మామ, ప్యాంటు అంచులు తడవకుండా గడప అవతలే నిలబడి, "బావా, గట్టిగా ఉండాల" అని చెప్పి వెళ్ళిపోయారు. పార పట్టలేదు, ఒక్క బకెట్టు బురద ఎత్తిపోయలేదు. మీ ఇళ్ళలోనూ ఇటువంటి ధైర్యదాతలు ఉండే ఉంటారు. ఎదుటివాడు ఏడుస్తూ ఉంటే తాము ఏదో ఒకటి చేయవలసి వస్తుందని, ముందే అతని ఏడుపు మాన్పించేస్తారు.

నాన్నగారు మాత్రం ఏడుస్తూనే మిషను విప్పి, ఒక్కొక్క భాగాన్నీ కిరసనాయిలుతో కడిగి, షటిల్‌లో చేరిన ఇసుకను సూదిమొనతో తీసి, నూనె వేసి, పదిహేనో రోజుకు మళ్ళీ తొక్కడం మొదలుపెట్టారు. ఆ నిబ్బరం ఎవరో చెబితే వచ్చింది కాదు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆయన చేతిలో పని ఆపలేదు.

నేను ఇంజనీరింగు మధ్యలో మానేసి ఫ్లెక్సీ డిజైనింగు నేర్చుకున్నప్పుడూ మామది ఇదే పాట: గుండె గట్టిదైతే చదువు పూర్తి చేసేవాడినట. మొన్న ఆయన మనవడి పుట్టినరోజు ఫ్లెక్సీ వేసింది ఈ పిరికిగుండె వాడే; దాని డబ్బులు ఇంకా రాలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలదని ఆయన అనుకుంటున్నారేమో, ఈ పోస్టు ఆయనా చదువుతారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను.

ఇక ఆ ఇనుప సామాను అతను నా ముఖం ఒకసారి, మిషను ఒకసారి చూసి, "ఉండనీలే అన్నా, ఇంకోసారి వస్తా" అంటూ కాటా మడిచి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. నేనెవరో అతనికి తెలియదు. అన్నీ తెలిసిన మా మామ కాఫీ గ్లాసు కింద పెట్టి, "మంచి బేరం పాయె" అన్నారు.