ఆటలో అరటిపండుకు చోటేది?

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఓ కారు అద్దం పగిలింది. ఆ రాత్రికే వాట్సాప్ గ్రూపులో హుకుం: ఇకపై పార్కింగ్‌లో బాల్ కనబడకూడదు. వారం తిరక్కుండానే పిల్లలు బాల్ అక్కర్లేని ఆట మొదలుపెట్టేశారు. నాలుగు పిల్లర్ల దగ్గర నలుగురు, మధ్యలో దొంగ. వాళ్లు సైగలు చేసుకుని చోట్లు మారేలోపు దొంగ ఖాళీ పిల్లర్ పట్టేయాలి. మన నాలుగు స్తంభాలాటే. నేర్పింది వాచ్‌మన్ కూతురు.

చిన్నపిల్లల్ని ఆటలవైపు ఎలా మళ్లించాలి అని ఎవరైనా అడిగితే నాకు ఆ హుకుమే గుర్తొస్తుంది. నాలుగేళ్ల పిల్లాణ్ని కదలమని బతిమాలాలా? సోఫా ఎక్కి దూకుతాడు, మంచం కింద దూరతాడు, ఊరికే గుండ్రంగా తిరిగి కళ్లు తిరిగి పడతాడు. ఆపేది మనమే. పరిగెత్తకు పడతావ్, మట్టి ముట్టుకోకు, బుద్ధిగా కూర్చో. బుద్ధికీ కూర్చోవడానికీ ముడిపెట్టిన మహానుభావుడెవరో గానీ, మూడేళ్లకే పిల్లల కాళ్లు కట్టేశాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్లలోపు పిల్లల కోసం విడిగా మార్గదర్శకాలిచ్చింది. మూడు, నాలుగేళ్లవాళ్లు రోజు మొత్తమ్మీద కనీసం 180 నిమిషాలు ఏదో ఒక కదలికలో ఉండాలి. అందులో 60 నిమిషాలైనా ఒగర్చేలా పరుగులు, గంతులు ఉండాలి. ఒక్క విడతలో గంటకు మించి కదలనివ్వకుండా కట్టిపడేయొద్దు. స్క్రీన్ రోజు మొత్తమ్మీద గంట దాటొద్దు, తగ్గితే ఇంకా మంచిది. మూడు గంటలనగానే గుండె గుభేల్‌మంటుంది గానీ, ఇదంతా ఏకబిగిన చేయించాల్సిన డ్రిల్లు కాదు. లిఫ్టు మానేసి మెట్లెక్కడం, సంచిలోంచి ఉల్లిపాయలు ఒక్కొక్కటే తెచ్చి బుట్టలో వేయడం, కిరాణా కొట్టుదాకా నడవడం... అన్నీ లెక్కలోకే వస్తాయి.

ఆ లెక్కన ఎల్‌కేజీ పిల్ల దినచర్య చూడండి. పొద్దున్నే వ్యాన్, తర్వాత బెంచీ, మళ్లీ వ్యాన్, ఇంటికొచ్చాక అన్నం తినిపించడానికి ఫోన్, ఆపైన రైటింగ్ హోంవర్క్. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్లో బడికి ఆటస్థలం ఉండాలని రాసే ఉంది. కానీ ఆ చట్టం హక్కు ఇచ్చింది ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల విషయంలో ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అంటుంది తప్ప చేసి తీరాలనదు. పరుగెత్తడం, దూకడం, తూలకుండా నిలవడం ఒంటికి పట్టే వయసు సరిగ్గా అదే. పైఅంతస్తులో రెండు గదులు, గోడ మీద మిక్కీ మౌస్ బొమ్మ, ప్లాస్టిక్ జారుడుబల్ల: చాలాచోట్ల ప్లేస్కూలంటే ఇంతే.

దీనికి విరుగుడుగా కాస్త డబ్బున్నవాళ్లు అకాడమీల దారి పట్టారు. నాలుగేళ్లకే స్కేటింగ్, అయిదేళ్లకు క్రికెట్ కోచింగ్, నెలనెలా ఫీజు, ఆదివారం పోటీలు. ఆటలు నేర్పడం తప్పని నేననను. కానీ వయసుల వారీగా బ్యాచులు కట్టి, వరసలో నిలబెట్టి, తన వంతు వచ్చేదాకా ఆగమంటే ఆ పిల్ల గంటలో కదిలేది ఎంతసేపు?

మన వీధి ఆటల్లో దీనికో ఏర్పాటుంది. ఆటలో అరటిపండు. అక్క వెంటపడి వచ్చిన మూడేళ్ల తమ్ముణ్ని ఇంటికి తరమకుండా ఆటలో కలుపుకొంటారు. అందరితోపాటు పరిగెడతాడు, దాక్కుంటాడు, అరుస్తాడు. దొరికినా దొంగ కాడు, ఓడినా అవుట్ కాడు. పెద్దపిల్లల వెనక పడిలేస్తూనే వాడికి కాళ్లు కుదురుకుంటాయి. రెండేళ్లు పోయాక తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద గడులు దాటి, గీత తొక్కకుండా వంగి బిళ్ల తీస్తాడు. ఆ వంగడంలో ఎంత పనితనముందో ఓసారి మీరే ప్రయత్నించండి, నడుం చెబుతుంది.

అరటిపండు ఉండాలంటే ముందు ఆట ఉండాలి, నాలుగైదు వయసుల పిల్లలు ఒకచోట చేరాలి. ఫ్లాట్‌లో ఒంటరి బిడ్డకు కొనిచ్చే మూడు చక్రాల సైకిల్ ఆ పని చేయలేదు. అందుకే తల్లిదండ్రులు అడగాల్సింది పిల్లల్ని కాదు, అసోసియేషన్‌ని: సాయంత్రం గంటసేపు కార్లు లేని చోటు ఇవ్వమని. ప్లేస్కూలు చూడటానికెళ్లినప్పుడు ఏసీ ఉందా అనే ముందు పిల్లలు రోజుకెంతసేపు బయటుంటారని. మున్సిపల్ పార్కులో ఓపెన్ జిమ్ పక్కన కాస్త ఇసుక పోయించమని కార్పొరేటర్‌ని.

మా దగ్గర మూడు మీటింగుల గొడవ తర్వాత ఆరు నుంచి ఏడు దాకా నాలుగు పార్కింగులు ఖాళీ చేయడానికి ఒప్పుకొన్నారు. బాల్ మాత్రం ఇప్పటికీ నిషేధమే. సెకండ్ ఫ్లోర్ బుడ్డోడికి మూడు నిండాయి. వాడికి అయిదో పిల్లర్ ఇచ్చారు. ఎవరూ పట్టుకోరు, అయినా ప్రతిసారీ కేక పెట్టి పరిగెత్తి మళ్లీ అదే పిల్లర్‌ను వాటేసుకుంటాడు. ఏడయ్యేసరికి చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోతుంది.