ప్రశ్న పుట్టేది పడక పక్కనే

రాత్రి డ్యూటీ. పడక మీద ఒక పెద్దాయన చెయ్యి చాచి పడుకున్నాడు. చేతికున్న క్యాన్యులా, అంటే సిరలోకి మందులు ఎక్కించే సన్నని గొట్టం, బాగానే పనిచేస్తోంది. ఎరుపు లేదు, వాపు లేదు, నొప్పీ లేదు. అయినా మూడు రోజులు నిండాయి కాబట్టి తీసేసి కొత్తది పెట్టాలి, అది వార్డు నియమం. రెండు చేతులూ ఇప్పటికే కమిలిపోయాయి. మూడోసారి గుచ్చితే గానీ సిర దొరకలేదు. బాగున్నదాన్ని ఎందుకు తీయాలన్న అనుమానం ఎందరో నర్సులకు వచ్చే ఉంటుంది. ఆ అనుమానాన్ని తేల్చే దారి వాళ్లలో చాలామందికి ఎవరూ నేర్పలేదు.

ఆస్ట్రేలియాలో నర్సు పరిశోధకురాలు క్లేర్ రికార్డ్, ఆమె బృందం ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. క్వీన్స్‌లాండ్ ఆసుపత్రుల్లో 3,283 మంది రోగులను యాదృచ్ఛికంగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మూడో రోజున క్యాన్యులా మార్చారు, రెండో జట్టుకు అవసరం కనిపించినప్పుడే మార్చారు. సిర వాపు రెండు జట్లలోనూ 7 శాతమే. 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. రోగికి అక్కర్లేని సూదిపోటు తప్పించే ఆధారం నర్సుల చేతుల మీదుగానే దొరికింది.

పీజీ నర్సింగ్‌లో పరిశోధన చదువు ఇలాంటి ప్రశ్నలతో మొదలవ్వాలని మేము కోరుతున్నాం. జరుగుతున్నది చాలాచోట్ల వేరు. ఒక ప్రశ్నావళి, ఒక బోధన తరగతి, అదే ప్రశ్నావళి మళ్లీ. పాఠం విన్నాక మార్కులు పెరిగాయని తేలుతుంది. పెరగక ఏమవుతాయి? అనుమతులు సులువు, శాంపిల్ చేతికందేంత దగ్గర, గడువులోగా పని పూర్తవుతుంది. తప్పు విద్యార్థులది కాదు. నిండా డ్యూటీలు చేస్తూ, ఒకే గైడును పదిమందితో పంచుకుంటూ వాళ్లు ఇంతకన్నా ఏం చేయగలరు?

పరిశోధన చేయడానికి ముందు ఇతరుల పరిశోధనలు చదవడం రావాలి. ప్రశ్నను నాలుగు ముక్కలుగా విడగొట్టడం అందులో తొలి మెట్టు: ఎవరికి, ఏం చేస్తే, దేనితో పోల్చి, ఏం మారుతుంది? ‘పడక పుండ్ల నివారణ’ అని వెతికితే వేల వ్యాసాలు మీద పడతాయి. కదల్లేని వృద్ధులను రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే, నాలుగు గంటలకోసారి తిప్పడంతో పోలిస్తే పుండ్లు తగ్గుతాయా అని అడిగితే చదవాల్సినవి చేతికందే లెక్కకు వస్తాయి. ఒకప్పుడు ఎర్రబడిన చర్మాన్ని గట్టిగా రుద్దడమే మంచి సేవ అనుకునేవారు. ఇప్పుడు అది వద్దంటున్నారు. ఎవరో కూర్చుని లెక్కపెట్టి చూడబట్టే ఆ అలవాటు పోయింది.

లెక్కలంటే భయం ఇంకో పెద్ద అడ్డంకి. సేకరించిన అంకెలన్నీ స్టాటిస్టిక్స్ తెలిసినవారికి అప్పగించి, వచ్చిన పి విలువను (నిజంగా తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం ఎంతో చెప్పే అంకెను) థీసిస్‌లో అతికించడం మామూలైపోయింది. శాంపిల్ పెద్దదైతే, పదికి గాను 0.3 పాయింట్లు తగ్గిన నొప్పి కూడా గణాంకాల్లో ‘ముఖ్యమైన తేడా’గా కనిపించవచ్చు. పడక మీదున్న మనిషికి ఆ తేడా తెలుస్తుందా? ఈ మాట అడగడానికి పెద్ద గణితం అక్కర్లేదు, రోగిని దగ్గరగా చూసిన అనుభవం కావాలి. అది నర్సులకే ఎక్కువ. ఫ్లారెన్స్ నైటింగేల్ 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో తొలి మహిళా సభ్యురాలైంది. సైనికుల మరణాలను లెక్కగట్టి, చిత్రాలుగా గీసి, పాలకుల ముందు పెట్టిన మనిషి ఆమె. లెక్కలు నర్సింగ్‌కు పరాయివన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో మాకు అర్థం కాదు.

పరిశోధనలో పాల్గొనడానికి రోగి ఇచ్చే సమ్మతి సంగతి మరీ సున్నితమైంది. పొద్దున ఇంజెక్షన్ ఇచ్చిన నర్సే మధ్యాహ్నం కాగితం పట్టుకొచ్చి సంతకం పెట్టమంటే, కాదనడానికి ఎంతమందికి నోరొస్తుంది? కాదంటే సేవలో తేడా వస్తుందేమోనన్న జంకు ఉంటుంది. అందుకే వీలైనంతవరకు ఆ రోగికి సేవ చేయని వేరొకరు వెళ్లి అడగాలి, ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వాలి. ఎథిక్స్ కమిటీకి ఇచ్చే దరఖాస్తు నింపడం ఒక్కటే నేర్పితే ఈ జంకును గుర్తుపట్టే చూపు రాదు. దాన్ని గైడు వార్డులో పక్కన నిలబడి నేర్పాలి.

వీటన్నిటికీ కావలసింది సమయం. డ్యూటీ పట్టికలోనే వారానికి కొన్ని గంటలు చదవడానికి, చర్చించడానికి కేటాయించాలి. అలసిపోయి హాస్టల్‌కు చేరాక మిగిలిన గంటల్లో చేసుకోమనడం అన్యాయం. రెండేళ్లలో సొంత ప్రయోగం వీలుకాని విద్యార్థి, ఒక ప్రశ్న మీద ఇప్పటికే ఉన్న అధ్యయనాలను పద్ధతిగా వెతికి, తూచి, సమీక్ష రాస్తే దాన్నీ పూర్తి థీసిస్‌గా ఒప్పుకోవాలి. థీసిస్ ఏదైనా, లైబ్రరీ అలమరకు వెళ్లే ముందు దాని సారం ఒక్క పేజీలో, తేలిక మాటల్లో, ఆ రోగులున్న వార్డు నర్సుల చేతికి అందాలి.