రైల్వే మంత్రి గారూ, మా ఊళ్లో రైలు ఆపకండి

గౌరవనీయ రైల్వే మంత్రి గారికి నమస్కరించి రాయునది. మా ఊళ్లో సూపర్‌ఫాస్ట్ ఆపమని మా ఎంపీ గారు లోక్‌సభలో మళ్లీ అడిగారు. దయచేసి ఆపకండి.

ఆయన వెనక వరస సభ్యులు. జీరో అవర్‌లో, అంటే ప్రశ్నోత్తరాలయ్యాక ఊరి గోడు చెప్పుకునే వేళ, మాట్లాడాలంటే ముందు నోటీసివ్వాలి, లాటరీలో పేరు రావాలి, సభ వాయిదా పడకూడదు. మూడూ కలిసొచ్చిన రోజు ఆయన లేచి, అవకాశమిచ్చిన అధ్యక్షుల వారికి, టికెట్టిచ్చిన అధినేతకు, ఓటేసిన ప్రజలకు ధన్యవాదాలు చెప్పి, నియోజకవర్గ స్థలపురాణం ఎత్తుకున్నారు. రైలు దగ్గరికొచ్చేసరికి మైకు ఆగింది. రైలుకు లేని హాల్టు మైకుకుంది.

మైకు పోయాక కదిలిన పెదవుల మీద సింహగర్జన వేసి, 'పార్లమెంటును దడదడలాడించిన మన ఎంపీ' అని వీడియో వదిలారు. దడదడలాడిందెవరా అని రెండుసార్లు చూశాను. పక్క సీటాయన ఫోను చూసుకుంటున్నారు. ముందాయన ఆవులించారు.

లాటరీ తగలని రోజుకు లోక్‌సభ 377వ నిబంధన ఉండనే ఉంది. 250 మాటలు మించకుండా రాసిచ్చి, చదివినట్టే భావించమంటే సరి. ఎవరూ వినక్కర్లేదు, ఆయన నోరు విప్పక్కర్లేదు. రికార్డుల్లో మాత్రం మా గోడు పదిలం.

దానికి మీ జవాబు మాకు కంఠతా వచ్చు. హాల్టుల మంజూరు నిరంతర ప్రక్రియ. ప్రయాణికుల రద్దీ, నిర్వహణ వీలును బట్టి పరిశీలిస్తారు. అవుననీ లేదు, కాదనీ లేదు. 'కేంద్రం సానుకూల స్పందన' అని మర్నాటికల్లా ఫ్లెక్సీ లేచింది.

ఇంత చక్కగా నడుస్తుంటే రైలు నిజంగా ఆపేశారనుకోండి, వచ్చే సమావేశాల్లో ఆయన ఏమడగాలి? కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ 1980ల్లో పంజాబ్‌లోని కపుర్తలాకు పోబట్టి కదా, ఓరుగల్లు నాయకులకు దశాబ్దాల పాటు ప్రసంగాలకు లోటు లేకపోయింది! 2014 విభజన చట్టంలో 'పరిశీలించాలి' అన్న మాట మరో తొమ్మిదేళ్లు లాగించింది. 2023లో మీవాళ్లే తొందరపడి వ్యాగన్ల యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. విశాఖ రైల్వే జోన్ విషయంలో అలా కాదు. 2019 ఫిబ్రవరిలో ప్రకటించి, ప్రధాన కార్యాలయానికి 2025 జనవరిలో గానీ పునాదిరాయి వేయలేదు. అదీ పద్ధతంటే.

స్టేషన్ పక్క అండర్‌బ్రిడ్జి గురించి అడగరేమని మా వీధి పెద్దాయన ఒకరు గొణుగుతుంటారు. నాలుగు చినుకులకే నడుంలోతు నీళ్లు. స్కూలు ఆటోలు ఊరంతా చుట్టి రావాలి. కానీ అది మోటారు పెట్టి తోడితే పోయే సమస్య. అంత చిన్నది పార్లమెంటుకు ఆనదు.

మరీ తప్పనిసరైతే ఆర్నెల్లకు 'ప్రయోగాత్మకంగా' ఇవ్వండి. పచ్చజెండా ఊపే ఫోటో ఒకటి, పొడిగించమనే ప్రసంగం ఒకటి మాకు దక్కుతాయి. అదీ పోయేటప్పుడే ఆపండి. వచ్చేటప్పుడు ఆపే సంగతి 2029 మేనిఫెస్టోలో పెట్టుకుంటాం.