మా కుడి మోకాలి చర్మకణాలకు ఒక విన్నపం

మలక్‌పేట, హైదరాబాద్.

మహారాజశ్రీ మా కుడి మోకాలి చర్మకణాల వారికి,

ఉభయకుశలోపరి. మా నాన్నగారు కట్టిన 180 గజాల ఇంటిని నేనూ మా తమ్ముడూ పంచుకున్న సంగతి తమకు తెలియనిది కాదు. వరండాకు అడ్డంగా లేచిన ఆ గోడకే కదా నా మోకాలు గీసుకుపోయి తమకు పని పడింది! రెండు వారాల్లో కొత్త చర్మం వచ్చేసింది. గోడకు ఇంకా సున్నమైనా పడలేదు.

తమ పంపకాలు చూస్తే కడుపు మండిపోతోంది. ఒక కణం రెండుగా విడిపోవాలనుకోగానే తమరు తాపీమేస్త్రిని పిలవరట. ముందు ఆస్తి మొత్తానికీ నకలు తీస్తారట. సుమారు 600 కోట్ల జతల అక్షరాలున్న డీఎన్‌ఏను ఎనిమిది గంటలు అటూ ఇటుగా రాసేసి, తప్పులు కూడా దిద్దుకుంటారట. మా దస్తావేజు నకలుకు మూడు నెలలు పట్టింది. అందులోనూ తాతగారి పేరు తప్పే.

ఆ తరువాత ఆ డీఎన్‌ఏను చుట్టిపెట్టుకున్న 46 క్రోమోజోముల జంట ప్రతులను నడిమధ్య నిలబెట్టి, ప్రతి జంటకూ రెండు వైపుల నుంచీ కండె పోగులు (ప్రతులను చెరో వైపుకూ లాగే సన్నని దారాలు) తగులుకున్నాయని రూఢి అయ్యేదాకా దేన్నీ కదలనివ్వరట. మా ఇంట్లో బోరు ఎవరిదో తేలకముందే గోడ లేచింది. చివరికి తమ పిల్లలిద్దరికీ చెరి 46. మాకు చెరి సగం వంటగది: పొయ్యి గట్టు నాకు, సింకు వాడికి. (అండానికీ శుక్రకణానికీ 23 చొప్పునే ఇచ్చే పంపకం కూడా తమ వంశంలో ఉందట. అది మళ్లీ కలవడానికి చేసుకునే పంపకం కాబట్టి మాకు పనికిరాదు.)

ఇంకొకటి. పక్కన ఖాళీ ఏర్పడితే తమరు జరిగి, విభజన చెంది, దాన్ని పూడుస్తారు. అవతలి ఒడ్డు కణాలు తగలగానే ఆగిపోతారు. ఆగడం మరిచిన కణాలను ఆస్పత్రిలో క్యాన్సర్ అంటారు, మా వీధిలో బిల్డర్ అంటారు. రెండంతస్తులకు అనుమతి తీసుకుని ఆరు లేపాడు. గేటు మాత్రం ఒకటే, నీళ్ల ట్యాంకరూ ఒకటే. కణం అడ్డుకొలత రెట్టింపైతే పైపొర నాలుగింతలు, లోపలి సరుకు ఎనిమిదింతలు అవుతుందనీ, ఆ పొరగుండా తిండి రావడమూ చెత్త పోవడమూ కష్టమనీ తమకున్న లెక్క ఆయనకు ఎవరు చెబుతారు?

తమ్ముడు గోడను ఇంకో అడుగు లేపిస్తాడట. ఇసుక మా మెట్ల దగ్గరే పోయించాడు. దయచేసి ఎడమ మోకాలి వారికి కూడా కబురు పెట్టగలరు.

ఇట్లు,
పొయ్యి గట్టు హక్కుదారు