గద్ద బలమంతా గుడ్డు పెంకులోనే

నలభై ఏళ్లు వచ్చేసరికి గద్ద ముక్కు వంగిపోతుందట, గోళ్లు మొద్దుబారిపోతాయట. అప్పుడది కొండెక్కి, ముక్కును బండకేసి కొట్టుకుని ఊడగొట్టుకుంటుందట. కొత్త ముక్కు వచ్చాక గోళ్లు, ఈకలు పీకేసుకుని మరో ముప్పై ఏళ్లు బతుకుతుందట. వాట్సాప్‌లో ఈ కథ చదవనివాళ్లు తక్కువ. వ్యక్తిత్వ వికాస తరగతుల్లోనూ చెబుతుంటారు. ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు.

ముక్కు అంటే ఎముక మీద కెరాటిన్ తొడుగు. మన గోళ్లలాగే అది పెరుగుతూనే ఉంటుంది. తిండి తినేశాక గద్దను గమనించండి. కత్తిని సానబెడుతున్నట్టు ముక్కును కొమ్మకేసి ఈ పక్కా ఆ పక్కా రుద్దుతుంది. అంటిన నెత్తురు పోతుంది, పెరిగిన అంచూ అరుగుతుంది. ఈకలు కూడా ఒక్కసారిగా రాలవు. ఎగరడం ఆగకూడదు కాబట్టి కొన్ని కొన్నిగా రాలి, వాటి చోట కొత్తవి వస్తాయి. ముక్కు ఊడిన గద్ద మాంసం చీల్చుకోలేదు, ఆకలితో చచ్చిపోతుంది. ఇక డెబ్బై ఏళ్ల ఆయుష్షు సంగతంటారా, అమెరికాలో ఉండే తెల్లతల గద్దలు బాల్డ్ ఈగల్స్. అడవిలో బతికిన వాటిలో నమోదైన రికార్డే 38 ఏళ్లు.

ఒక ఫార్వర్డ్ మెసేజ్ మీద ఇంత పట్టింపు ఎందుకంటే, గద్ద ఎలాంటి కష్టాన్నయినా తట్టుకుని లేస్తుందన్న నమ్మకాన్ని అది మన మనసులో పాతేసింది. మన మాటల్లోనూ అదే ధోరణి. కాపలా కాయాలంటే డేగ కళ్లు, లాక్కెళ్తే గద్దలా తన్నుకుపోవడం, దోచుకుంటే రాబందుల్లా పీక్కుతినడం. పగటి వేటపక్షులు అనగానే బలం, భయం తప్ప మరోటి గుర్తుకురాదు. వాటి జీవితం దగ్గరగా చూస్తే మాత్రం, అవి ఎంత తేలిగ్గా కూలిపోతాయో తెలిసి గుండె బరువెక్కుతుంది.

పెద్ద గద్దలు ఏడాదికి ఒకటో రెండో గుడ్లు పెడతాయి. రెండు పిల్లలు పుట్టినా, చాలా జాతుల్లో ముందు పుట్టింది వెనక పుట్టినదాన్ని పొడిచి చంపేస్తుంది. తల్లి పక్కనే ఉన్నా అడ్డుకోదు. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లోని హార్పీ ఈగల్ అనే పెద్ద గద్ద అయితే రెండు మూడేళ్లకు ఒక్క పిల్లను పెంచుతుంది. ఆ పిల్ల ఎదిగి జోడు కట్టడానికి మళ్లీ నాలుగైదేళ్లు. పిచ్చుకలు ఒక చెడ్డ ఏడాదిలో పోయినవాటిని మరుసటి ఏడాది పూడ్చుకోగలవు. గద్దలకు ఆ వీలు లేదు. ఈడొచ్చిన పక్షులు ఏటా నూటికి కొన్ని అదనంగా చనిపోతే చాలు, జాతి మొత్తం జారిపోవడం మొదలవుతుంది.

పైగా అవి ఆహార గొలుసులో చివర ఉంటాయి. డీడీటీ అనే పురుగుమందు కథ తెలిసిందే. పురుగులో కొంచెం, చేపలో ఇంకాస్త, చేపను తిన్న గద్ద ఒంట్లో బోలెడంత. ఆ విషం గద్దను నేరుగా చంపలేదు, గుడ్డు పెంకుకు సున్నం చేరకుండా అడ్డుకుంది. పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్డు చితికిపోయేది. 1963 నాటికి అలాస్కా మినహా అమెరికాలో మిగిలిన బాల్డ్ ఈగల్ జంటలు 417. పెరిగ్రిన్ ఫాల్కన్ అనే డేగకూ అదే గతి పట్టింది. (ఫాల్కన్లు గద్దల కంటే చిలుకలకే దగ్గరి చుట్టాలని 2008లో జన్యు పరిశోధనలో తేలింది. విషానికి ఆ తేడా లేదు.) 1972లో డీడీటీని నిషేధించారు. ఇప్పుడు అక్కడ బాల్డ్ ఈగల్స్ 3 లక్షలకు పైనే. ఎవరూ ముక్కు ఊడగొట్టుకోలేదు, మనుషులు విషం చల్లడం మానేశారంతే.

రాబందుల విషయంలో మాత్రం మనం చాలా ఆలస్యంగా మేల్కొన్నాం. 1990ల నుంచి దక్షిణాసియాలో కోట్ల రాబందులు మాయమయ్యాయి. కొన్ని జాతుల్లో నూటికి 95కు పైగా పోయాయి. కారణం పశువులకు వాడే డైక్లోఫినాక్ అనే నొప్పి మందు అని 2004లో బయటపడింది. ఆ మందు ఒంట్లో ఉన్న కళేబరాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు దెబ్బతింటాయి, లోపలి అవయవాల మీద యూరిక్ యాసిడ్ సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుపోతుంది. ఇంత నాశనానికి వంద కళేబరాల్లో ఒక్క దాంట్లో కూడా మందు ఉండనక్కర్లేదని లెక్క తేలింది. ఒకే కళేబరం మీద పదుల సంఖ్యలో వాలతాయి కదా. రాబందులు పోయాక కళేబరాలు కుళ్లాయి, కుక్కలు పెరిగాయి, వాటితో రోగాలూ పెరిగాయి. భారత్‌లో దీనివల్ల 2000-2005 మధ్య దాదాపు 5 లక్షల మంది మనుషులు అదనంగా చనిపోయారని 2024లో వచ్చిన ఓ అధ్యయనం అంచనా వేసింది.

పశువులకు డైక్లోఫినాక్ వాడకాన్ని భారత్ 2006లో నిషేధించింది. కీటోప్రొఫెన్ అనే మరో నొప్పి మందు కూడా రాబందులను చంపుతుందని 2009లోనే తేలింది, దాని నిషేధానికి మాత్రం 2023 దాకా ఆగాల్సి వచ్చింది. అంతకన్నా బాధ కలిగించేది స్పెయిన్ తీరు. యూరప్ రాబందుల్లో 90 శాతానికి పైగా అక్కడే ఉన్నాయి. దక్షిణాసియాలో ఏం జరిగిందో కళ్లముందున్నా, 2013లో డైక్లోఫినాక్‌కు పశువైద్యంలో అనుమతి ఇచ్చారు. 2020లో సినీరియస్ అనే జాతి రాబందు ఒకటి అక్కడ చనిపోయింది, కారణం డైక్లోఫినాక్ అని పరీక్షల్లో తేలింది. ఆ తర్వాత కూడా అనుమతి కొనసాగింది.

నేను అడిగేది ఒక్కటే. పశువుల మందు ఏదైనా మార్కెట్లోకి రాకముందే కళేబరాలు తినే పక్షులకు సురక్షితమని తయారీదారే నిరూపించాలి. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులు. మందు ముందు అమ్ముడుపోతోంది, పక్షులు చచ్చాక పరీక్షలు మొదలవుతున్నాయి. నిషేధిస్తే పశువుల గతేమిటన్న టెన్షన్ రైతులకు ఉండటం న్యాయమే. కానీ మెలాక్సికామ్ అనే నొప్పి మందు రాబందులకు హాని చేయదని 2006లోనే తేలిపోయింది. పశువు నొప్పి అదీ తగ్గిస్తుంది.