గుండు టైరుకు పట్టాభిషేకం

కార్తీక మాసం వస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం పుడుతుంది. నెల్లూరు మినీ బైపాస్ మీది వాటర్ వాష్ షెడ్డుకు ఎర్ర స్పోర్ట్స్ కారు వస్తుంది. ఈ మూడూ ఏటా ఒకదాని వెంట ఒకటి తప్పకుండా జరుగుతాయి. వాతావరణ శాఖ వారు మాత్రం మధ్యదాన్నొక్కటే ప్రకటించి ఊరుకుంటారు.

ఆ కారు యజమానిని శ్రీవారు అందాం. డబ్బు రొయ్యల గుంటల మీద వచ్చిందా, తండ్రిగారి కాంట్రాక్టుల మీద వచ్చిందా అన్నది మనకు అనవసరం. కారుకు ముందు నురగ స్నానం. తరువాత మంచినీటి స్నానం. ఆపైన మెత్తటి గుడ్డతో ఒళ్లు తుడవడం, అద్దాలకు వేరే గుడ్డ, సైలెన్సరు గొట్టాలకు ఇంకో గుడ్డ. శ్రీవారు కుర్చీ వేయించుకుని టీ తాగుతూ పర్యవేక్షిస్తారు. చివరికి అసలు ఘట్టం: టైరు పాలిష్. కుర్రవాడు గొంతుకూర్చుని నల్లటి ద్రవంలో బ్రష్షు ముంచి టైరు పక్కలకు పూస్తాడు. ఒక పూత చాలదు, రెండోది కావాలి. శ్రీవారు వంగి చూసి, తన మీసం అందులో కనిపించాకే తృప్తి పడతారు.

ఆ మెరుపంతా టైరు పక్కలకే. రోడ్డును తాకే భాగం గాడులరిగి గుండు.

ఆ సంగతి షెడ్డులో అందరికన్నా ముందు తెలిసేది బ్రష్షు పట్టుకున్న కుర్రవాడికే. "అన్నా, వెనక టైర్లు గుండ్లయిపోయాయన్నా. వానలు మొదలయ్యాయి, మార్పించండి" అంటాడు. శ్రీవారు నవ్వుతారు. "వెడల్పు చూశావా తమ్ముడూ? ఇంత వెడల్పు టైరు జారుతుందా? నువ్వు పక్కలు బాగా రుద్దు." రుద్దుతాడు. అంతా అయ్యాక ముందు బంపరు కింద నల్లదారంతో పచ్చిమిరపకాయలు, ఒక గూడూరు నిమ్మకాయ. దానితో భద్రతా ఏర్పాట్లు సంపూర్ణం.

గూడూరు నిమ్మకాయ మీద నాకు అపారమైన గౌరవం ఉంది. ఢిల్లీ దాకా వెళ్లి పేరు తెచ్చుకున్న కాయ అది. కానీ టైరు కింది నీళ్లను పక్కకు నెట్టడం దానికి చేతకాదు. ఆ పని గాడులది. కోటి రూపాయల కారయినా నేలను తాకేది నాలుగు అరచేతులకు కాస్త అటూ ఇటూగా ఉండే జాగాలోనే. అక్కడ చేరిన నీరు గాడుల్లోంచి బయటకు పోవాలి. పోకపోతే టైరుకూ రోడ్డుకూ మధ్య నీటి పొర నిలుస్తుంది, టైరు దాని మీద తేలుతుంది. పొడి రోడ్డు మీద వెడల్పు వరమే, ఒప్పుకుంటాను. వానలో మాత్రం ఎంత వెడల్పయితే అంత ఎక్కువ నీటిని నెట్టాలి, గాడులు లేకుండా నెట్టడం ఎవరి తరమూ కాదు. ముందు టైర్లు తేలితే స్టీరింగ్ చేతిలో తేలికైపోయి, ఎటు తిప్పినా కారు తిన్నగానే పోతుంది. వెనకవి తేలితే తోక ముందుకు వస్తుంది. శ్రీవారి కారును తోసేవి వెనక చక్రాలే, గుండ్లయినవీ అవే.

శ్రీవారి మిత్రమండలిలో ఇంకో శాస్త్రం ప్రచారంలో ఉంది: వానలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు పెరుగుతుందట. విమానాలు తడి రన్‌వే మీద ఎందుకు జారుతున్నాయో 1960లలో నాసా ఇంజినీర్లు లెక్క కట్టారు. టైరులోని గాలి పీడనానికి వర్గమూలం తీసి 10.35తో గుణిస్తే, నిలిచిన నీటి మీద టైరు గంటకు ఎన్ని మైళ్ల వేగం దగ్గర తేలుతుందో సుమారుగా తెలుస్తుంది. గాలి 32 పీఎస్‌ఐ ఉంటే గంటకు 94 కిలోమీటర్లు. 25కు దించితే 83. గాలి తీసేస్తే కారు ఇంకా ముందే లేస్తుందన్నమాట. విమానాల లెక్క మనకెందుకంటారా? హైవే మీద శ్రీవారి వేగం తమరు చూడలేదు.

కంప్యూటర్ చూసుకుంటుందని ఇంకో ధీమా. పోర్షే వారు 2018లో తెచ్చిన 911 కారుకు ముందు చక్రాల దగ్గర శబ్దం వినే సెన్సర్లు పెట్టారు. చక్రం చిమ్మే నీటి చప్పుడు విని, రోడ్డు తడిగా ఉంది, వెట్ మోడ్ (తడి రోడ్డుకు తగ్గట్టు కారును నడిపే అమరిక) పెట్టుకోండి అని డ్రైవరుకు విన్నవించుకుంటాయి. ఆ మోడ్ పెట్టాల్సింది మాత్రం డ్రైవరే. బ్రేకుల్ని సవరించే కంప్యూటరుకైనా టైరు రోడ్డును తాకాలి కదా, నీటి మీద తేలే చక్రాన్ని పట్టి ఆపితే ఏమి ఆగుతుంది?

ఫార్ములా వన్ కారు పందేల వారి వాన టైరు 300 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 85 లీటర్ల నీటిని చిమ్మేస్తుందని దాని తయారీదారులే చెబుతారు. అలాంటి టైర్లున్న జగజ్జేతలను 2021 ఆగస్టులో బెల్జియంలో వాన వల్ల గంటల తరబడి కూర్చోబెట్టి, ముందు నెమ్మదిగా నడిచే సేఫ్టీ కారు వెనుక నాలుగు చుట్లయినా సరిగా తిప్పకుండానే పందెం ముగించారు. గెలిచిన వెర్‌స్టాపెన్‌కు సగం పాయింట్లే దక్కాయి. పాపం, అక్కడ నిమ్మకాయ కట్టేవారు లేరు.

మన హైవే సంగతి వేరే చెప్పాలా? అదే ఏడాది నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రోడ్డునే కోసేసింది. మామూలు వానకు కూడా డివైడరు వెంట నీళ్లు నిలుస్తాయి, శ్రీవారు ఓవర్‌టేక్ చేసేది సరిగ్గా ఆ వరుసలోనే. కారు టైరుకు కనీసం 1.6 మిల్లీమీటర్ల గాడి ఉండాలని చట్టం. గాడి అడుగున అడ్డంగా చిన్న దిమ్మలు ఉంటాయి, రబ్బరు అరిగి వాటితో సమమైతే ఆ టైరు పని అయిపోయినట్టే. చూడడానికి నిమిషం చాలు. దారిలో ఆపి లైసెన్సు అడిగినవారిని, సీటు బెల్టు చూసినవారిని ఎందరినో చూశాను. గాడిలో వేలు పెట్టినవారు మాత్రం నాకు తగల్లేదు.

సరే, శ్రీవారు తేలితే తేలనివ్వండి. ఎయిర్‌బ్యాగులున్నాయి, బీమా ఉంది. కానీ ఆ సాయంత్రం అదే రోడ్డు మీద కోవూరు వైపు నుంచి నాట్లు వేసి వచ్చే ఆడవాళ్లుంటారు. ఒక ఆటోలో పదిమంది, వెనక కాళ్లు వేలాడదీసుకుని, తల మీద ప్లాస్టిక్ పట్టా కప్పుకుని. వాళ్ల చుట్టూ ఏ బ్యాగూ విచ్చుకోదు. మర్నాడు పేపరులో "వర్షానికి కారు అదుపు తప్పింది" అని వస్తుంది. వర్షం ఏమి చేసిందయ్యా? ఏటా అవే నెలల్లో, అదే రోడ్డు మీద, చెప్పి మరీ కురిసింది. టైరు గుండయిందని ఒక కుర్రవాడు నోరు తెరిచి చెప్పాక కూడా తాళం తిప్పింది మనిషి. నంబరు ప్లేటు కోసం వేలంలో లక్షలు పాడడానికి చేతులు వచ్చాయి, రెండు టైర్లు కొనడానికి రాలేదు. దీన్ని ప్రమాదం అనడానికి నాకు నోరు రావడం లేదు.

వానలో కారు జారుతుంటే చూడాలని అంత సరదాగా ఉంటే చెన్నై దాటగానే ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉంది. దయచేసి అక్కడ తిప్పుకోండి. నాట్ల ఆటోలు రావు. పందేనికి ముందు తనిఖీ కూడా ఉంటుంది, అక్కడ మాత్రం టైరు పక్కలు చూసి ఎవరూ మురిసిపోరు.