నీళ్లు కొట్టలేదని వీడియో పెట్టిన పెద్దమనిషికి

మా గల్లీ మూల మీది ట్రాన్స్‌ఫార్మర్ నిన్న రాత్రి తగలబడింది. నా కడుపుమంట దాని గురించి కాదు. పొద్దున లేచేసరికి కాలనీ గ్రూపులో ఒకాయన వీడియో. "ఫైరింజన్ వచ్చి పది నిమిషాలైంది, ఒక్క చుక్క నీళ్లు కొట్టరు, చోద్యం చూస్తున్నారు" అట. కింద నలభై బొటనవేళ్లు.

అయ్యా, పైన 11 కేవీ లైన్లో సప్లై ఉంది. లైన్‌మన్ వచ్చి స్తంభం మీద లైన్ కట్ చేసే ఏబీ స్విచ్ దించి, ఎల్‌సీ, అంటే కరెంటు తీసేశామనే లైన్ క్లియర్ ఇచ్చేదాకా ఆగకుండా నీళ్లు కొడితే షాక్ ఎవరికి, నీకా? పైగా లోపల కాలేది నూనె. మిర్చిబజ్జీలు మరిగే మూకుట్లో చెంబెడు నీళ్లు పోసి చూడు, తర్వాత మాట్లాడుకుందాం.

మా బామ్మర్ది ఫైర్‌లో చేస్తాడు, ఎక్కడో చెప్పను. పోయిన ఎండాకాలం ఒక కేబుల్ గదిలో మంటలార్పి వచ్చాడు. పొగలో ఊపిరికి వీపున గాలి సిలిండర్‌తో పెట్టుకునే బీఏ సెట్లు ముందు దిగినోళ్లకే సరిపోయాయట, ఈయన తడి దస్తీ కట్టుకుని దిగాడు. ఆ దస్తీ మా చెల్లె నాకు చూపించింది. ముక్కు రంధ్రాల దగ్గర రెండు నల్లటి వృత్తాలు, ఎంత ఉతికినా పోలేదు. కేబుళ్ల మీది పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, అది గొంతులో తడి తగిలితే మనం బాత్రూం కడిగే యాసిడ్ ఉందే, అదే అవుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌నైతే ఏ దస్తీ ఆపదు. "బావా, వారం రోజులు ఏం తిన్నా ఇనుము నాకినట్టే ఉంది" అన్నాడు. ఫైర్‌మన్ పని క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగంవాళ్లు 2022లోనే తేల్చారు, సిగరెట్ పొగ ఉన్న గ్రూపులోనే దీన్నీ పెట్టారు. మన గ్రూపులో మాత్రం చోద్యం చూస్తున్నారట.

ఇంత దూరం ఎందుకు, 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో తొమ్మిది మంది పోయారు కదా. భూమి లోపల ఆ పొగకు ఆదుకునేవాళ్లు గంటల తరబడి లోపలికే పోలేకపోయారు. వారం స్టేటస్‌లు పెట్టి మర్చిపోయాం.

హైవే మీద పెట్రోల్ ట్యాంకర్ పడితే మనం చేసేదేంది? బిందెలు పట్టుకుని ఉరుకుతాం. దాని వెనక బోర్డు మీద 1203, 3వైఈ అని ఉంటుంది. 1203 అంటే పెట్రోల్, 3 అంటే ఫోమ్ వాడమని, చివరి ఈ అంటే జనాన్ని దూరంగా పంపే సంగతి చూడమని. ఫైర్‌వాళ్లు మంట సంగతి చూడాలా, బిందెలోళ్లను తోలాలా?

అసలు ఈ ట్రాన్స్‌ఫార్మర్ రెండేళ్లుగా నూనె కారుతోంది. కింద మట్టి నల్లగా జిగటైపోయి, మా పిల్లల చెప్పులకు అంటుకునేది. రిపేరు చేయండి, లేదా ఇరవై అడుగులు అవతలికి జరపండి అని కాగితం రాసి ఇల్లిల్లూ తిరిగాను. అవతలికి జరిపితే ఈ వీడియో పెద్దమనిషి గేటు ముందు పడుతుందట, "వాస్తుకు బాగుండదు తమ్మీ" అని లోపలికి పోయాడు. ఆ కాగితం జిరాక్స్ నా బీరువాలో ఇంకా ఉంది. పదమూడు సంతకాలున్నాయి, ఆయనది లేదు. గ్రూపులో పెట్టమంటారా?